లోపలి కుట్టు

బ్రదర్ ఎనిమిదింటికి వచ్చేవాడు. మాస్టారి భార్య అయిదింటికే లేచేది. అతను గుమ్మంలో అడుగుపెట్టే లోపల అతను చెయ్యాల్సిన పనులన్నీ తాను చేసెయ్యాలని ఆవిడ పంతం. సాయానికి మనిషిని పెట్టుకుని, ఆ మనిషికి పని మిగలకుండా చూడ్డమే పెద్ద పనిగా పెట్టుకున్న ఇల్లు ఆ ఊళ్ళో అదొక్కటే అయి ఉంటుంది.

ముందు మాస్టారిని పక్కకి దొర్లించి పక్కబట్టలు మార్చేది. నీళ్ళు కాచేది. చంకల కింద చేతులు పెట్టి లేపి, చక్రాల కుర్చీలోకి, అందులోంచి స్నానాలగదిలో ప్లాస్టిక్ కుర్చీలోకి చేర్చేది. ఆయన బరువు డెబ్భై కిలోలు, ఆవిడ నలభై ఆరు. స్నానం, గడ్డం, పౌడరు, ఇస్త్రీ చొక్కా, తల దువ్వడం అన్నీ అయ్యేసరికి ఏడూ ముప్పావు. కిటికీ దగ్గర మాస్టారు ఏ పెళ్ళికో బయల్దేరుతున్నవాడిలా కూర్చుని ఉండేవారు. బెల్లు మోగగానే ఆవిడ మొహం తుడుచుకుని, రొప్పు అణచుకుని తలుపు తీసేది.

"అన్నీ అయిపోయాయి బాబూ. కాఫీ తాగుతావా?"

మాస్టారు నలభై ఆరేళ్ళు కోట్లు కుట్టిన మనిషి. కింద వీధివైపు గది ఆయన కొట్టు. ఇప్పుడక్కడ ఫోన్లు బాగుచేస్తున్నారు. కోటు ఆయనది, లోపలి లైనింగు, కాజాలు, బొత్తాలు ఆవిడవి. ఆయన చూసి బాగాలేదంటే విప్పి మళ్ళీ కుట్టాలి. ఈ విషయంలో మాస్టారికి పెళ్ళామూ ఒకటే, పనివాడూ ఒకటే. పది నెలల కిందట ఒక పొద్దున్న కత్తెర ఆయన చేతిలోంచి జారింది, ఆయనా జారారు. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. మాట నోట్లోనే ముద్దయిపోతోంది.

బ్రదర్‌ని పెట్టింది కూతురు. ఊరికి ఆ కొసన ఒక ల్యాబులో రక్తపరీక్షలు చేస్తుంది, ఆదివారాలు వస్తుంది. తల్లి నడుం వంగిపోవడం చూసి చూసి, ఇళ్ళకి వచ్చి రోగుల్ని చూసుకునే ఒక సంస్థతో మాట్లాడింది.

"బ్రదర్ అని పిలవాలమ్మా," అని నేర్పించింది.

"డెబ్భై ఏళ్ళదాన్ని, నాకు అతను బ్రదరేంటే?"

"ఆసుపత్రుల్లో అంతే. ఆడ నర్సుల్ని సిస్టర్ అంటారు, మగవాళ్ళని బ్రదర్ అంటారు."

"మరి డాక్టర్ని మావయ్యా అనాలా?"

కూతురు నవ్వింది గానీ పట్టు విడవలేదు. అలా వచ్చాడు బ్రదర్. నలభై దాటిన భారీ మనిషి, మాట తక్కువ, అడుగు మెత్తన. పన్నెండేళ్ళు ఆసుపత్రి వార్డులో చేసి ఇళ్ళకి రావడం మొదలుపెట్టాడు.

అతనిలో వంక పెట్టడానికేం లేదు. అసలు గొడవంతా ఆ సంస్థ సూపర్‌వైజరమ్మ పెట్టింది. మొదటిరోజు ఆవిడ కళ్ళజోడు సవరించుకుంటూ ఇల్లంతా తిరిగింది, తలుపుల వెడల్పు కొలిచింది, మాస్టారి వీపు చూసింది. "ఇప్పటికి బాగుంది. పడక పుండ్లు పడనివ్వకండి. పడి, ఇంట్లోవాళ్ళకి చేతకాకపోతే, మంచాన పడ్డవాళ్ళని ఉంచి చూసుకునే మా కేంద్రానికి మార్చమనే చెప్తాం," అని రాసుకుని వెళ్ళిపోయింది.

మాస్టారి భార్య ఆ కేంద్రం చూసింది. పై అంతస్తులో ఉండే పెద్దాయన ఆఖరి రోజులు అక్కడే గడిపాడు. పొడుగాటి హాలు, ఇటు పది మంచాలు, అటు పది. చూడ్డానికి నాలుగు నుంచి ఆరు దాకా రానిస్తారు. యాభై ఒక్క ఏళ్ళ కాపురంలో తనకి ఇక మిగిలేది రోజుకి రెండు గంటలా అనుకుంది ఆవిడ. ఆరోజే నిశ్చయించుకుంది. చేతకాదన్న మాట ఆ ఇంట్లో ఎవరికీ వినపడకూడదు. ఎవరూ ఏదీ చూడకూడదు. చూస్తేనే కదా రాసుకునేది!

బ్రదర్ రోజూ ఒక పుస్తకంలో రాయాలి. అందులో గళ్ళు అచ్చువేసి ఉంటాయి. స్నానం గడిలో 'ముందే అయింది' అని రాసేవాడు. ఒళ్ళు పరీక్ష గడి దగ్గర ఆగి, "ఒక్కసారి నడుం దగ్గర చూస్తానమ్మగారూ," అనేవాడు. "ఇప్పుడే కదా బట్టలేశాను. నేను చూశాను, బంగారంలా ఉంది," అనేది ఆవిడ. అతను అబద్ధం రాసే రకం కాదు. 'అమ్మగారు చూశారు, బాగుందన్నారు' అని రాసేవాడు. తర్వాత మాస్టారి కాలూ చెయ్యీ కాసేపు ఆడించి, కాఫీ తాగి, మిగిలిన గంట ఏం చెయ్యాలో తెలియక గోడగడియారం చూస్తూ కూర్చునేవాడు.

మూడు వారాలు అలా నడిచింది. అప్పుడు ఒకరోజు స్నానం చేయిస్తుంటే నడుం కింద, ఎముక తగిలేచోట, బొత్తామంత ఎర్రమచ్చ కనపడింది. వేలితో నొక్కింది. పోలేదు. బ్రదర్‌కి ఆ సంగతి చెప్పలేదు. ఆ మధ్యాహ్నం కుట్టుమిషను మీది గుడ్డ తీసి కూర్చుంది.

దర్జీ ఇంట్లో ఏ కష్టానికైనా ముందు సూదే గుర్తొస్తుంది. భుజాలు జారినవాడికి కోటు లోపల మెత్త పెట్టి భుజాలు తెప్పించిన చేతులవి. పాత నూలుగుడ్డ రెండు మడతలు వేసి, మధ్యన దూది పరిచి, పైజామాకి లోపలివైపు, సరిగ్గా ఆ మచ్చ ఉన్నచోట పెట్టి కుట్టింది. దూది జరగకుండా చుట్టూ రెండు వరసలు గట్టిగా తీసింది. నాలుగు పైజామాలకీ అలాగే చేసింది. పైనుంచి చూస్తే ఎవరికీ తెలియదు. చాలా రోజుల తర్వాత తన పని తనకే ముచ్చటేసింది.

మాస్టారికి మాత్రం ముచ్చటేసినట్టు లేదు. పడుకోబెట్టగానే ఎడమచేత్తో ఆ చోటు పట్టుకుని లాగేవారు. పసిపిల్లల్లా బట్టలు పీక్కుంటున్నారేమో అనుకుని ఆవిడ చెయ్యి తీసేసేది. మళ్ళీ లాగితే చేతిమీద చిన్న దెబ్బ వేసేది.

బుధవారం సాయంత్రం కూతురు ఫోన్ చేసింది.

"బ్రదర్ ఆఫీసువాళ్ళు మాట్లాడారమ్మా. పుస్తకం చూశారట. మీ ఇంట్లో మావాడికి పనేం లేదు, అవసరం ఉన్నవాళ్ళు బోలెడుమంది ఎదురు చూస్తున్నారు, శనివారం నుంచి ఆపేస్తాం అన్నారు."

"ఆపెయ్యమను."

"నువ్వే గెలిచావులే," అంది కూతురు. ఆ గొంతులో కోపం లేదు. ఉన్నా బాగుండేది, తిరిగి ఓ మాట అనడానికి వీలుండేది. ఉత్త అలసటకి ఏమని జవాబు చెప్తారు?

గెలిచిన సంతోషం ఆవిడకి ఒక రాత్రి ఉంది. గురువారం పొద్దున్న ప్లాస్టిక్ కుర్చీలోకి మారుస్తుంటే మోకాలు మడతపడింది. ఇద్దరూ గోడవారగా జారి నేలమీద కూలబడ్డారు. దెబ్బలేం తగల్లేదు. కానీ ఎంత ప్రయత్నించినా లేవలేకపోయారు. కుళాయి అలా కారుతూనే ఉంది. "భలే ఉన్నాం కదండీ మనం," అని ఆవిడ నవ్వబోయింది. మాస్టారు నవ్వలేదు. అరగంట తంటాలుపడి ఎలాగో ఆయన్ని మంచం మీదికి చేర్చి, తడిసిన పైజామా తీస్తే మెత్త ఒంటికి అతుక్కుని వచ్చింది. కింద, నిన్నటిదాకా ఎర్రగా మాత్రమే ఉన్నచోట, చర్మం లేదు.

అప్పుడే బెల్లు మోగింది.

"ఆయన పడుకున్నారు బాబూ, లేపకు," అంది తలుపు సగమే తీసి. ఆవిడ చీరంతా తడిగా ఉంది. బ్రదర్ ఆ తడి చూశాడు. ముందుగదిలో గంటసేపు కూర్చుని వెళ్ళిపోయాడు.

ఆ రోజంతా ఆవిడ గదిలోంచి వంటింట్లోకి, వంటింట్లోంచి గదిలోకి కాలుగాలిన పిల్లిలా తిరిగింది. చెప్తే ఆయన్ని కేంద్రానికి పంపేస్తారు. చెప్పకపోతే ఎల్లుండి నుంచి ఈ ఇంటికి ఎవరూ రారు, ఆ పుండూ తనూ మిగులుతారు. నలుగురికీ చూపిస్తే మనిషి దక్కకుండా పోతాడు, దాచుకుంటే మనిషే పోతాడు. ఎటు తిప్పి ఆలోచించినా ఆవిడకి ఏడుపే వచ్చింది.

శుక్రవారం ఆవిడ అయిదింటికి లేవలేదు. మెలకువ వచ్చింది, కావాలనే లేవలేదు. బ్రదర్ వచ్చేసరికి మాస్టారు మాసిన గడ్డంతో, నలిగిన పక్కమీదే ఉన్నారు. ఆయన్నలా అతను చూడ్డం అదే మొదటిసారి.

"ఈవేళ నువ్వే చూడు నాయనా," అంది ఆవిడ.

అతను సంచీ దించి, చేతులు కడుక్కుని, తొడుగులు వేసుకున్నాడు. "పెద్దాయనా, కొంచెం పక్కకి తిప్పుతున్నానండీ," అని చెప్పి మరీ తిప్పాడు. పది నెలలుగా తను ఆయన్ని తిప్పుతోంది గానీ, ఏ రోజూ తిప్పుతున్నానని చెప్పలేదని అప్పుడు తట్టింది ఆవిడకి. అతను తడి గుడ్డతో మెల్లిగా పైజామా విడదీసి చాలాసేపు చూశాడు.

"ఎన్నాళ్ళయింది?"

"పదహారు రోజులు."

అతను తిట్టలేదు. తిడితే పడటానికి ఆవిడ తయారుగానే ఉంది. పైజామా లోపలివైపు తిరగేసి, బొటనవేలు ఆ మెత్త చుట్టూ పోనిచ్చాడు.

"ఇదెవరు కుట్టారు?"

"నేనే. మెత్తగా ఉంటుందని."

"మెత్తగానే ఉందమ్మగారూ. ఈ అంచు చూడండి. సరిగ్గా ఎముకమీద పడింది. రోజూ ఒరిసింది ఇదే."

ఆవిడ వేలు పెట్టి చూసింది. గట్టి కుట్టు. ఎన్ని ఉతుకులు ఉతికినా ఊడనిది, మాస్టారు కూడా వంక పెట్టలేనిది. మచ్చని పుండు చేసింది మంచం కాదు, తన చెయ్యి. ఆయన రోజూ లాగింది బట్టలు పీక్కోవడానికి కాదు. కుట్టు బాగాలేదు, విప్పమంటున్నారు. ఎప్పుడూ చెప్పేదే చెప్పారు, తనే ఆ చేతిమీద కొట్టింది.

"కొట్టాను కూడా," అంది పైకే.

"తెలియకే కదండీ," అన్నాడు బ్రదర్. అంతకుమించి ఓదార్చలేదు. ఫోన్ తీసి సూపర్‌వైజరుకి కలిపాడు. పుండు ఎంతుంది, ఎంత లోతుంది, చీము లేదు, జ్వరం లేదు, అన్నీ పొడిపొడిగా చెప్పాడు. తర్వాత ఫోన్ ఆవిడ చేతికిచ్చాడు.

"అమ్మా, దీనికి రోజూ కట్టు మార్చాలి," అంది సూపర్‌వైజరు గొంతు. "రెండు గంటలకోసారి ఆయన్ని పక్కకి తిప్పాలి. అన్నీ మీరే చేసుకుంటున్నారని పుస్తకంలో ఉంది. ఇదీ చేసుకోగలరా? చేసుకుంటానంటే కట్టు ఎలా కట్టాలో నేర్పించి రేపటి నుంచి ఆపేస్తాం."

"చేసుకోలేనంటే కేంద్రానికి పంపేస్తారా?"

"అది ఇప్పుడే చెప్పలేను. ముందు నిజం చెప్పండి, దాన్ని బట్టి చూస్తాను."

ఆవిడ మాస్టారి వైపు వీపు తిప్పింది. చేసుకుంటానని చెప్పడం ఆవిడకి కొత్త కాదు. ఆ మాట నాలుకమీదే ఉంది. వంటింటి గోడవైపు చూస్తూ, ఆయనకి వినపడకుండా గొంతు బాగా తగ్గించి చెప్పింది.

"నా వల్ల కావట్లేదమ్మా. నిన్న ఇద్దరం కింద పడ్డాం."

అవతల కాగితాలు తిరగేస్తున్న చప్పుడు వినపడింది.

"సరే," అంది సూపర్‌వైజరు. "రేపు ఆపడం లేదు. పొద్దున్న బ్రదర్ వస్తాడు, సాయంత్రానికి ఇంకొకర్ని పంపుతాను. మధ్యలో మీరొక్కరే తిప్పడం ఎలాగో అతను మీకు చూపిస్తాడు. రెండు వారాలు చూద్దాం. మానుముఖం పడితే ఇంట్లోనే ఉంటారు. లేకపోతే అప్పుడు మాట్లాడుకుందాం."

ఆవిడ ఫోన్ బ్రదర్‌కి ఇచ్చేసి వెనక్కి తిరిగింది. మాస్టారు ఆవిణ్ణే చూస్తున్నారు. అంతా విన్నారు. నా వల్ల కావట్లేదన్న మాటకి అవును, అవునని తల ఊపుతున్నారు. ఆవిడకి ఒళ్ళు మండింది. యాభై ఒక్క ఏళ్ళలో ఈ మనిషి తన మాటకి ఇంత వెంటనే తల ఊపింది లేదు, ఊపక ఊపక ఈ మాటకా?

"అంత బాగా తెలుసా మీకు? ఎప్పట్నుంచి?"

మాస్టారు ఎడమచెయ్యి పైకెత్తి అయిదు వేళ్ళూ చాపారు. అయిదు రోజులా, అయిదు వారాలా అని ఆవిడ లెక్క వేసుకునేలోగా వేళ్ళు ముడిచి, మళ్ళీ అయిదూ చాపారు. తర్వాత ఆ చెయ్యి దింపి, మంచం పక్కన కుర్చీమీద రెండుసార్లు తట్టారు.

ఆవిడ కూర్చుంది. ఆయన మంచాన పడి పది నెలలు.