మోగని పుల్ల

మా ఆయనతో వేగడం కష్టం. పేరు మౌళి, సినిమాలకు సౌండ్ ఇంజినీరు. ఫ్రిజ్ గురక పెడుతోందని మెకానిక్‌ను పిలిపిస్తారు. తన గురక మాత్రం ఇంతవరకూ ఏ మైకుకూ దొరకలేదు.

రెండో కాన్పులో నా గుండె అలిసిపోయింది. ఎడమ భుజం కింద పేస్‌మేకర్ పెట్టారు. మళ్లీ కడుపొస్తే తట్టుకోలేనన్నారు. మామూలు గర్భనిరోధక మాత్రలు నాకు నప్పవు, రక్తం గడ్డకట్టే భయం. ఆయన్ను ఆపరేషన్ చేయించుకోమంటే ఏదో ఒక సినిమా రీరికార్డింగ్ అడ్డమొస్తుంది. ఇక మిగిలింది కడుపు రాకుండా చేతి చర్మం కింద పెట్టే మందు పుల్ల. అగ్గిపుల్లంతే ఉంటుంది.

"ఒంట్లో ఒక మిషన్ ఉండగా ఇంకోటా?" అన్నారాయన. "రెండు వైర్‌లెస్ మైకులు పక్కపక్కన పెడితే ఒకదాన్నొకటి చెడగొట్టుకుంటాయి. నీ గుండె తాళం తప్పితే?"

రెండుసార్లు అపాయింట్‌మెంట్ రద్దు చేయించారు. మంచం మధ్యకు దిండు వచ్చింది. దిండు అన్ని రోజులూ నమ్మదగ్గది కాదు. కిందటి నెల నాలుగు రోజులు ఆలస్యమైతే, బడికెళ్లే పిల్లలిద్దరినీ గేటు దాటేదాకా చూస్తూ నిలబడ్డాను. అయిదో రోజు గండం గడిచింది. ఆ మధ్యాహ్నమే నేనే ఫోన్ చేసి అపాయింట్‌మెంట్ తీసుకున్నాను.

జూబ్లీహిల్స్‌లో డాక్టర్ భువన క్లినిక్. ఎదుటి బంగళాలో షూటింగ్. ఎండ కాస్తుంటే ఆ ఒక్క ఇంటిమీదే వాన కురుస్తోంది.

"బ్యాటరీ ఎక్కడుందండీ దీనికి?" మా ఆయన పుల్ల ఉన్న ప్యాకెట్టును తిప్పితిప్పి చూశారు.

"బ్యాటరీ లేదు, వైరు లేదు, కరెంటు లేదు. మందు కొద్దికొద్దిగా దిగుతుంది, అంతే," అంది డాక్టర్. "గుండె డాక్టరుగారితో మాట్లాడాను. పేస్‌మేకర్ జోలికి పోకుండా కుడిచేతికి పెడతాను."

ఆయన సంచీలోంచి చిన్న మైకు తీసి ప్యాకెట్టుకు ఆనించి, హెడ్‌ఫోన్ తగిలించుకుని కళ్లు మూసుకున్నారు.

"ఏంది సార్ గది? పుల్లతోని పాట పాడిపిస్తరా?" అంది నర్సు బాలమణి.

"ఏమీ మోగట్లేదు," అన్నారాయన, కాస్త నిరాశగా.

చెయ్యి మొద్దుబారే సూది పడింది. కిటికీలో వాన తీగలు తీగలుగా వేలాడుతోంది. వాటిని దువ్వెనతో దువ్వొచ్చనిపించింది. ఆ వానలో ఎవరో అమ్మాయి తడవకుండానే నడిచిపోతోంది. గది మెల్లగా ఆ అమ్మాయి వెనకే వెళ్తోంది, నేను మంచంతో సహా తేలుతున్నాను. ఎక్కడికో తెలీదు, భయం మాత్రం లేదు.

"అయిపోయిందమ్మా," అంది బాలమణి. వాన కూడా ఆగింది. ట్యాంకరు ఖాళీ అయినట్టుంది.

ఆయనకింకా నమ్మకం కుదరలేదు. మెడలో హెడ్‌ఫోన్‌తో నా ఛాతీమీదికి వంగారు, గుండె విందామని.

"ఆగండి!" డాక్టర్ ఆయన భుజం పట్టుకుంది. "అందులో అయస్కాంతం ఉంటుంది. పుల్లతో ఏ ప్రమాదమూ లేదు. పేస్‌మేకర్‌ను తికమకపెట్టేది ఇదే. జానెడు దూరంలో ఉంచాలి. పేస్‌మేకర్ పెట్టినప్పుడు మీకు చెప్పలేదా?"

చెప్పారు. మేం ఫోను దూరంగా పెట్టాలన్న సంగతే గుర్తుపెట్టుకున్నాం. రోజూ సాయంత్రం కొత్త పాట వినిపించి, ఆ హెడ్‌ఫోన్‌ను నా మెడలోనే వేలాడదీసి టీకి వెళ్లే మనిషి ఈయన.

మా ఆయన ముఖం తెల్లబోయింది. హెడ్‌ఫోన్ తీసి గదికి ఆ చివర బల్లమీద పెట్టి వచ్చారు. నా కట్టుకట్టిన చేతిని వేలితో ముట్టుకుని ఏదో గొణిగారు.

"ఏమన్నారండీ? వినపడలేదు," అన్నాను.

బాలమణి దూది పట్టుకుని అక్కడే నిలబడిపోయింది. ఆయన గొంతు సవరించుకున్నారు.

"తప్పు నాదే మైత్రేయీ. రెండుసార్లు ఆపించి నీ ప్రాణంతో ఆడుకున్నాను. నాదే తప్పు."