ఒకే చేతిరాత

మా మేనత్తని కాలేజీలో అందరూ రూళ్ళకర్ర అనేవారు. ఎదురుగా కాదు, వెనకాల. ఎదురుగా అనే ధైర్యం ఎవరికుంది? మనిషి కూడా అలాగే ఉండేది, సన్నగా, నిటారుగా. ఆ కాలేజీలో ఫ్రెంచి చెప్పిన మొదటి ఆడమనిషి ఆవిడే, ప్రొఫెసరైన మొదటి ఆడమనిషీ ఆవిడే. ఈ రెంటికీ మధ్య ఇరవై రెండేళ్ళు పట్టింది. అందులో మొదటి పదకొండేళ్ళూ మ్యాపులు దాచే గదిలో ఒక్కతే కూర్చుని మధ్యాహ్నం అన్నం తిన్నది. స్టాఫ్ రూములో ఆవిడకో కుర్చీ వెయ్యాలన్న సంగతి ఎవరికీ తట్టలేదట. పద్నాలుగు మంది మగవాళ్ళు, అందరూ పెద్ద చదువులు చదివినవాళ్ళే.

ఆవిడకి ఫ్రెంచి నేర్పింది కాలేజీ కాదు. చిన్నప్పుడు పక్కవాటాలో ఒక ముసలి కుట్టుపని ఆవిడ అద్దెకుండేది. పుట్టుకతో ఫ్రెంచి మనిషి. చూపు మందగించి సూదిలో దారం ఎక్కేది కాదు. మా అత్త రోజూ వెళ్ళి ఇరవై సూదులకి దారం ఎక్కించి పెడితే ఆవిడ గంటసేపు పాఠం చెప్పేది. అత్త చేతిరాత కూడా ఆ ముసలావిడ దిద్దించిందే, గుండ్రంగా, కాస్త కుడికి వాలి ఉండేది. అత్త క్లాసులో చేరినవాళ్ళు ఎవరైనా సరే, మూడు నెలలు ఆవిడ నోట్సు చూసి ఆ రాతే దిద్దాలి. "మీరు గిలికితే నేను చదవను. నా కళ్ళు నాకు కావాలి" అనేది. చాలామందికి ఏడాది తిరిగేసరికి పాత రాతే వచ్చేసేది. ఇద్దరికి మాత్రం నిలిచిపోయింది. ఒకదాన్ని నేను.

అమ్మ పోయాక నేను అత్త దగ్గరే పెరిగాను. ఇంట్లో అత్త, కాలేజీలో మేడం. ఒకసారి క్లాసులో నోరు జారి "అత్తా" అన్నందుకు గంటంతా నిలబెట్టింది. సాయంత్రం ఇంటికొచ్చాక కాళ్ళు నొప్పిగా ఉన్నాయా అని ఆవిడే అడిగింది.

ఆ రాత నిలిచిన రెండోది టైపు పిల్ల. పొద్దున ప్లీడరు గారి ఆఫీసులో టైపు కొట్టి, సిరా మరకల వేళ్ళతో క్లాసుకి పరిగెత్తుకొచ్చేది. తండ్రి లేడు, వెనకాల ముగ్గురు చెల్లెళ్ళు. హోంవర్కంతా ఆఫీసు మిషను మీదే కొట్టి తెచ్చేది కాబట్టి, మొదటి ఏడాది తర్వాత అత్త ఆ పిల్ల రాత చూసిందే లేదు. నాకంటే తెలివైనది. ఇప్పుడింత తేలిగ్గా అంటున్నాను గానీ, అప్పుడు ఒప్పుకోవాలంటే ప్రాణం మీదికొచ్చేది.

ఆఖరి పరీక్షలో మొదట వచ్చినవాళ్ళకి కాలేజీలోనే లెక్చరరు ఉద్యోగం. పోటీ మా ఇద్దరికే. నేను రాస్తున్నాను కాబట్టి అత్త దిద్దకూడదు. కానీ ఫ్రెంచి వచ్చిన రెండో మనిషి గొడుగు మాస్టారు. వానున్నా లేకున్నా గొడుగు చంకలోనే, ప్రొఫెసరు పదవి తనకి రావాల్సిందన్న ఏడుపు కడుపులోనే. ఆయన కంటి ఆపరేషనై సెలవులో ఉన్నాడు. "పేర్లుండవుగా మేడం, నంబర్లేగా. మీరే దిద్దేయండి" అన్నాడు ప్రిన్సిపాలు. అత్త సరేనంది.

ఫలితాలొచ్చిన రోజు నాకు కాళ్ళు నేల మీద ఆనలేదు. నాకు డెబ్బై మూడు, టైపు పిల్లకి అరవై ఎనిమిది. ఇంటికొచ్చి చెప్తే అత్త చేతిలో గరిటె అలాగే ఆగిపోయింది.

"అరవై ఎనిమిది నీది కాదూ?"

"కాదత్తా, దానిది."

వంటింట్లో స్టూలు మీద కూలబడింది.

"రెండు పేపర్లు ఒకే రాతలో ఉన్నాయి. ఒకటి చాలా బాగుంది. అది నీదనుకున్నాను. ఎనభై ఇవ్వాల్సింది. మేనకోడలికి దోచిపెట్టిందన్న మాట రాకూడదని ప్రతి జవాబుకీ కొంచెం కొంచెం కోశాను. రెండోది ఆ పిల్లదనుకుని ఉన్నదున్నట్టు వేశాను."

మంచిది నాదనుకుందట.

"రేపు ప్రిన్సిపాలుకి చెప్తాను" అంది.

"ఎవరు నమ్ముతారత్తా? మేనకోడలి కోసం ఇంకో పిల్ల గొంతు కోసిందంటారు. నీ పదవి పోతుంది."

"అంటారు. అయినా ఆ ఉద్యోగం ఆ పిల్లది."

కాళ్ళావేళ్ళా పడ్డాను. చెవిన వేసుకోలేదు. మర్నాడు పొద్దున్నే వెళ్ళి చెప్పేసింది.

కమిటీ వేశారు. ప్రిన్సిపాలు, రిజిస్ట్రారు, నల్లకళ్ళద్దాలతో గొడుగు మాస్టారు. ఉపాయం మాస్టారిదే. ఇద్దరమ్మాయిల చేతా ఒకే పేరా రాయిద్దాం, ఏది ఎవరిదో మేడం చెప్పలేకపోతే ఆవిడ మాట నిజమే, పొరపాటని రాసుకుందాం అన్నాడు.

మమ్మల్ని మ్యాపుల గదిలో కూర్చోబెట్టారు. అత్త పదకొండేళ్ళు అన్నం తిన్న బల్ల అదే. టైపు పిల్ల గబగబా రాసేసి నా వైపు చూసింది.

"మేడం కావాలని చెయ్యరు. నాకు తెలుసు" అంది మెల్లిగా.

నేను తలెత్తలేదు. రాయడం అవ్వలేదని తొందరపడుతున్నట్టు నటించాను.

తర్వాత మమ్మల్ని లోపలికి పిలిచి గోడ పక్కన నిలబెట్టారు. అత్త ముందు రెండు కాగితాలు పెట్టారు. తెలీదంటే చాలు. తప్పు కాగితం చూపించినా చాలు. ఆ సంగతి ఆ గదిలో అందరికీ తెలుసు, అత్తకీ తెలుసు. కళ్ళజోడు తుడుచుకుని, రెండూ రెండుసార్లు చదివింది. ఎడమ చేతివైపు కాగితం మీద వేలు పెట్టింది.

"ఇది మా మేనకోడలిది."

నాదే. గొడుగు మాస్టారు కుర్చీలో వెనక్కి వాలాడు. "అయితే గుర్తుపడతారన్నమాట" అన్నాడు.

వారంలో టైపు పిల్లకి ఎనభై మార్కులూ, ఉద్యోగమూ వచ్చాయి. అత్త చేత ఆరోగ్యం బాగోలేదని రాజీనామా రాయించుకున్నారు. ఆవిడ కుర్చీలో గొడుగు మాస్టారు కూర్చున్నాడు. మేనకోడలి కోసం మార్కులు కోసిన మేడం అనే ఇప్పటికీ చెప్పుకుంటారు. అది నిజం కాదని టైపు పిల్ల ఒక్కతే వాదించేది, ఉపకారానికి బదులు తీర్చుకుంటోందని దాన్నీ వెక్కిరించారు.

ఆ రోజు ఇంటికి నడుస్తూ నేను ఏడ్చేశాను.

"తెలీదని ఒక్క మాట అంటే నీ సొమ్మేం పోయేదత్తా?"

"తెలిసిందిగా, ఏం చెయ్యను? అక్షరాలు రెండూ ఒకటే. ఒకదాంట్లో మాత్రం చెయ్యి వణికింది." ఆగి, నా చెయ్యి పట్టుకుంది. "నా కోసం వణికే చెయ్యి ఆ గదిలో ఇంకెవరికుందే?"

అంత సంతోషంగా ఆవిడ మాట్లాడగా నేను ఎప్పుడూ వినలేదు. పోయేదాకా ఆ మాట తలుచుకుంటూనే ఉంది. నేనెప్పుడూ కాదనలేదు. ఆ పేరా రాస్తున్నంతసేపూ అత్త నాకు గుర్తే లేదు. నా చెయ్యి వణికింది చేజారిపోతున్న నా ఉద్యోగం కోసం.