అమ్మన్నమ్మ కుడి చెవి

యోగేశ్‌కి రెండున్నరేళ్లు. ఎడమ బొటనవేలు నోట్లోనూ, కుడి చూపుడువేలు నాయనమ్మ చెవి కన్నంలోనూ ఉంటే తప్ప వాడికి నిద్ర పట్టదు. కన్నమంటే మామూలు కన్నం కాదు. అమ్మన్నమ్మ ముప్పైయేళ్లు బరువైన దుద్దులు మోసిన మనిషి. ఆ దుద్దులు పోయి చాలా కాలమైంది గానీ, అవి వేసిన దారి అలాగే ఉండిపోయింది. కుడి చెవి తమ్మె భుజాన్ని వెతుక్కుంటూ బయల్దేరినట్టు కిందికి సాగి, మధ్యలో పసివాడి వేలు హాయిగా దూరి తిరిగేంత జాగాతో ఉంటుంది.

ఆ చెవిని చూస్తే ఆమె కొడుకు ఢిల్లీశ్వరరావుకి తను పెరిగిన వాట్‌గంజ్ కూలీల పోర్టు క్వార్టర్స్ అడ్రసు పైకి చదివినట్టుండేది. న్యూ టౌన్‌లో ఫ్లాటు కొన్నాక తన తండ్రి షిప్పింగులో ఉండేవాడని అందరికీ చెప్పుకున్నాడు. అబద్ధం కాదు. ఆ తండ్రి, బైరాగి, ఖిదిర్‌పూర్ ఓడరేవులో ముప్పైరెండేళ్లు ఓడల్లోంచి బస్తాలు దించాడు.

ఇంట్లో ఎవరూ చూడనంత వరకూ ఆ అలవాటు ముద్దుగానే ఉండేది. బెంగాలీల ఉగాదికి అపార్టుమెంటు క్లబ్‌హౌస్‌లో పార్టీ పెట్టారు. ఇల్లు చూసుకోమని అమ్మన్నమ్మని పైనే వదిలేసి వెళ్లారు. తొమ్మిదింటికి పిల్లాడికి నిద్ర ముంచుకొచ్చింది. వాడు సోఫాలో వరసగా కూచున్న ఆడవాళ్ల చెవులు, బజార్లో వంకాయలు ఏరినట్టు, ఒక్కొక్కటే నొక్కి చూసి వదిలేస్తూ పోయాడు. సేన్‌గుప్తాగారి భార్య రవ్వల దుద్దు దగ్గర మాత్రం ఆగి, కన్నం పెద్దది చేద్దామని కాస్త శ్రమపడ్డాడు. ఆవిడ చదువుకున్న మనిషి కాబట్టి అరవలేదు. పిల్లాడికి ఏదైనా జబ్బా అని అడిగింది.

ఆ మాటకి పిల్లాడి తల్లి రమాకుమారి వారం రోజులు లిఫ్టు ఎక్కలేదు.

పైగా ప్లేస్కూలు ఇంటర్వ్యూ ఇంకో నెల్లో ఉంది. అక్కడ సీటు రాకపోతే పిల్లాడి జీవితం ఎలా సాగుతుందో ఢిల్లీశ్వరరావు ఎక్సెల్ షీటులో వేసి చూసుకున్నాడు. పద్దెనిమిదో ఏటికల్లా అంతా అయిపోతోంది.

పిల్లల డాక్టరు ముసలాయన. బెంగాలీలో మాట్లాడాడు. అంతా విని "కిచ్ఛు నా" అన్నాడు. ఏమీ లేదని.

"ఏమీ లేకపోవడమేంటి డాక్టర్‌బాబూ, చెవిలో వేలు పెడుతున్నాడు," అన్నాడు ఢిల్లీశ్వరరావు.

"పెట్టనివ్వండి. కొందరు వేలు చీకుతారు, కొందరు పాత గుడ్డ పట్టుకుంటారు, కొందరు జుట్టు మెలిపెట్టుకుంటారు. తమని తాము జోకొట్టుకోవడం అది. తిట్టకండి, వేలు లాగెయ్యకండి. నాలుగేళ్లొచ్చేసరికి చాలామంది వాళ్లే మానేస్తారు. పళ్లు మారే వయసుకీ మానకపోతే అప్పుడు తీసుకురండి."

"మరి మందు?" అంది రమాకుమారి.

"దేనికి?"

"పోనీ టానిక్కయినా."

డాక్టరు ఆమెని జాలిగా చూసి, చీటీ మీద ఒక లైను గిలికి ఇచ్చాడు. పిల్లాణ్ణి వాడి మానాన వదిలెయ్యండి అని రాశాడాయన. ఆ రాత డాక్టరు రాత కావడంతో కింద మందులషాపువాడు చీటీని అటూ ఇటూ తిప్పి, "ఈ కంపెనీది మా దగ్గర లేదు దాదా" అన్నాడు. నాలుగు షాపులు తిరిగాక ఢిల్లీశ్వరరావుకి ఆ డాక్టరు మీద నమ్మకం పోయింది. ఫీజు తీసుకుని మందు రాయనివాడు డాక్టరేంటి.

సొంత వైద్యం మొదలైంది. బొటనవేలికి వేపనూనె రాశారు. పిల్లాడు రెండు రోజులు మొహం చిట్లించి, మూడోరోజునుంచి కాకరకాయ వేపుడు అడిగి మరీ తినడం మొదలెట్టాడు. ఆన్‌లైన్‌లో పొడుగు చెవుల కుందేలుబొమ్మ తెప్పించారు. రమాకుమారి కత్తెరతో దాని చెవికి కన్నం పెట్టింది. పిల్లాడు వేలు దూర్చి, లోపలి దూదంతా లాగి, కొంత తిన్నాడు.

"నువ్వూ ఇదే సేసినావురా," అంది అమ్మన్నమ్మ, నేల మీది దూది ఏరుతూ. "ఏడో తరగతి దాకా ఈ సెవే పట్టుకుని తొంగున్నావు. సగం దుద్దులు సాగదీసినాయి, సగం నువ్వు సాగదీసినావు. ఏటైపోనావిప్పుడు? ఇంజనీరైపోనావు."

"అమ్మా, కోడలి ముందు ఆ కబుర్లెందుకు," అన్నాడు ఢిల్లీశ్వరరావు. ఆ రోజు సెలవైనా ఆఫీసు కార్డు మెడలోనే ఉంది. మీటింగుల్లోనూ ట్రాఫిక్‌లోనూ ఆ కార్డు తాడుని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టుకుని నలుపుతూ ఉంటాడతను. ఆలోచన బాగా సాగుతుందట.

అసలు ఆలోచన మాత్రం రమాకుమారిదే. మాల్‌లో ఉన్న చర్మం డాక్టరు దగ్గర సాగిన చెవులు కుట్టే ప్యాకేజీ ఒకటుంది. పిల్లాడి అలవాటు మాన్పించడం కష్టం గానీ చెవి మాన్పించడం తేలిక. అరగంట పని. అత్తగారికి పుట్టినరోజు కానుకన్నారు. అమ్మన్నమ్మ పుట్టినరోజు ఎప్పుడో అమ్మన్నమ్మతో సహా ఎవరికీ తెలియదు కాబట్టి ఆ రోజు కాదనడానికి ఎవరికీ వీల్లేకపోయింది.

"ఈ వయసులో నాకు సోకులేటిరా? మరి గుంటడేటి పట్టుకుంతాడు?"

"కొత్త జుంకాలు పెట్టుకోవచ్చు అత్తయ్యగారూ," అంది రమాకుమారి.

"గుంటడి మాట అడుగుతున్నానమ్మా."

కోపమొస్తే ఢిల్లీశ్వరరావు నోట్లోంచి న్యూ టౌన్ దిగిపోయి వాట్‌గంజ్ ఎక్కేస్తుంది. "ఆడి సీటు పోతే నువ్వు తెత్తావేటి? నీ సెవి కోసం ఆడి బతుకు పాడవ్వాలేటి?"

ప్యాకేజీలో రెండు చెవులూ కలిపే ఉన్నాయి. అమ్మన్నమ్మ రెండూ కుట్టించుకుని, తెల్లటి ప్లాస్టర్లతో ఇంటికొచ్చింది.

యోగేశ్ కుడి ప్లాస్టరు నొక్కి చూశాడు. చుట్టూ తిరిగొచ్చి ఎడమది నొక్కాడు. తర్వాత నాయనమ్మ మొహంలోకి, ఇల్లు తప్పి వేరే తలుపు కొట్టినవాడిలా చూసి, మంచం దిగిపోయాడు. మూడు రోజులు ఏడ్చాడు. నాలుగోరోజు మానేశాడు.

"చూశావా, అలవాటంటే అంతే. గట్టిగా నిలబడాలి," అన్నాడు ఢిల్లీశ్వరరావు.

ఆ మధ్యాహ్నం నుంచి పిల్లాడు బీరువాకి ఎదురుగా కూచుని, కళ్లు అరమూసి, తలతో బీరువాని కొట్టడం మొదలెట్టాడు. గట్టిగా కాదు. నిదానంగా, ఒకే వరసలో, నిద్ర పట్టేదాకా. తాళం తప్పడం లేదని తండ్రి గమనించాడు. తబలా నేర్పిద్దామా అన్నాడు కూడా. అమ్మన్నమ్మ మాత్రం పిల్లాడి తలకీ బీరువాకీ మధ్య అరచెయ్యి అడ్డం పెట్టి కూచునేది. వాడు ఆ చేతిని కొట్టేవాడు తప్ప ఆమె వైపు తిరిగేవాడు కాదు.

ఇంటర్వ్యూ శనివారం. పిల్లాణ్ణి చూసుకునేవాళ్లంతా రావాలన్నారు కాబట్టి అమ్మన్నమ్మనీ తీసుకెళ్లారు. ప్లాస్టర్లు కనపడకుండా రమాకుమారి ఆమె తల మీదుగా చెంగు కప్పింది. వరండాలో ముందు కూచున్న పిల్లాడి చేతిలో నల్లబడిపోయిన దిండుగలీబు ఉంది. పక్కనున్న పాప వాళ్ల నాన్న సాక్సు వాసన చూస్తూ కూచుంది.

"ఎలా పెంచారో," అంది రమాకుమారి తెలుగులో, నవ్వు చెదరకుండా.

హెడ్ మేడమ్ ఫారం తిప్పింది. "పిల్లాడు దేంతో ఊరుకుంటాడన్నచోట 'ఏమీ లేదు' అని రాశారు."

"అవును మేడమ్," అన్నాడు ఢిల్లీశ్వరరావు. ఇంటర్వ్యూ మొత్తంలో అతను ఎదురుచూసిన ప్రశ్న అదే. "మావాడికి అలాంటి అలవాట్లేమీ లేవు."

"ఇబ్బందే. మేం మొదటి మూడు నెలలూ ఆ వస్తువుతోనే పిల్లల్ని మచ్చిక చేసుకుంటాం. కిందటేడు ఒక పాప తాతగారి చెప్పు తెచ్చుకునేది. అది పక్కనుంటే చాలు, ఏడుపే ఉండేది కాదు. అసలేమీ లేని పిల్లలైతేనే మాకు కష్టం."

బల్ల కింద టక్, టక్ అని మొదలైంది. యోగేశ్ బల్ల కాలుని ఎంచుకున్నాడు.

"ఉండేది మేడమ్," అంది రమాకుమారి గబగబా. "ఈమధ్యే తీయించేశాం."

"తీయించేశారా? ఏంటది?"

భార్యాభర్తలిద్దరూ అమ్మన్నమ్మ వైపు చూశారు. బల్ల కింద పిల్లాడి నుదుటికి చెయ్యి అడ్డం పెట్టడానికి ఆమె అప్పటికే వంగి ఉంది. చెంగు జారిపోయింది. హెడ్ మేడమ్ ఆ రెండు ప్లాస్టర్లనీ కాసేపు చూసింది. వచ్చే ఏడు చూద్దామని ఫైలు మూసేసింది.

క్యాబ్‌లో రమాకుమారి ముందు సీట్లో పిల్లాణ్ణి పెట్టుకుని కూచుంది. వెనక తల్లీ కొడుకూ.

"నన్ను వాట్‌గంజ్‌లో అప్పమ్మ ఇంటికాడ దింపీరా," అంది అమ్మన్నమ్మ. "సెల్లెలికాడే ఉంతాను. గుంటడికింక నాతో పనేటుంది."

ఢిల్లీశ్వరరావుకి పద్దెనిమిదో ఏడు దాకా వేసిన షీటు కళ్ల ముందు ఒక్కో గడీ ఎర్రబడుతోంది. వేళ్లు ఆఫీసు కార్డు తాడు కోసం గుండె మీద వెతికాయి. ఇంటర్వ్యూకని దాన్ని ఇంట్లో వదిలొచ్చాడు. వేళ్లు కాసేపు ఖాళీగా నలుపుకుని, పక్కకి జరిగి, పైకి లేచి, తల్లి కుడి చెవి దాకా వెళ్లాయి. అవి అలా వెళ్తున్నాయని అతనికి తెలియనే తెలియదు.

అమ్మన్నమ్మ తల పక్కకి తీసుకుంది.

"కుట్లున్నాయిరా," అంది. "ముట్టుకోవద్దన్నాడు డాక్టరు."

ఢిల్లీశ్వరరావు చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. కిటికీ వైపు తిరిగి బొటనవేలు నోట్లో పెట్టుకున్నాడు. ఎవరైనా అడిగితే గోరు కొరుక్కుంటున్నానని చెప్పేవాడే. ఎవరూ అడగలేదు.