లేచిన కంచం

"అన్నం దగ్గర్నుంచి లేచాక మళ్లీ ఆ కంచం ముందు కూర్చోకు, ఇంటికి మంచిది కాదు" అనేవారు మా అత్తగారు రత్నమాణిక్యం గారు. అనేదీ ఆవిడే, రెండు ముద్దలు తినీ తినకముందే మంచం పట్టెకి కంచు గ్లాసు టంగు టంగుమని కొట్టి పిలిచేదీ ఆవిడే. ఎంగిలి చెయ్యి కడుక్కుని పరిగెడితే "ఆ కాకిని తోలు" అనేవారు. తిరిగొచ్చి కంచంలోది గేదె కుడితిలో వొంపేసేదాన్ని. ఆవిడ పోయి ఆరేళ్లయింది. గ్లాసు పదోరోజునే దానమిచ్చేశాం. అయినా నేను అన్నం కలిపితే చాలు, ఆవిడ గదిలోంచి టంగు టంగుమంటుంది. లేస్తాను. ఎవరూ ఉండరు. వచ్చి కంచం తీసేస్తాను. ఎవరికీ చెప్పలేదు, పాలకొల్లంతా నాకు పిచ్చంటారని భయం.

పురిటికొచ్చిన మా హారతి ఇప్పుడు ఆ మంచం పక్కనే కంప్యూటర్ పెట్టుకుంది. దానికి హైదరాబాద్‌లో ఉద్యోగం. ఫోను తీగ గుచ్చి రాసిందంతా ఆఫీసుకి పంపుతుంది. అల్లుడు సుధాకర్ ఆదివారం వస్తున్నాడు. ఈలోపు ఇది రాజీనామా పంపించేసి ఉండాలని కబురు పెట్టాడు. "తల్లివి, నువ్వు చెబితే వింటుంది" అని మా ఆయన ఆ పని నాకు అప్పజెప్పారు. మానేస్తేనే మంచిదని నాకూ అనిపించింది. అల్లుడు అలిగి దీన్ని ఇక్కడే వదిలేస్తే? ఇది తెర చూస్తుండగా చంటిది గుక్కపట్టి ఊపిరాగిపోతే? నాకెప్పుడూ ఇలాంటివే తోస్తాయి.

చెబుదామనే పాప గుడ్డలు మడతపెడుతూ పక్కన కూర్చున్నాను. "ఏంటే, పొద్దున్నుంచీ అదే చూస్తున్నావు?"

"కెర్నెల్ అని, మెషీన్‌లో ఇంటి పెద్దలాంటిదమ్మా. ప్రోగ్రాం తన పని చేసుకుంటుంటే మధ్యలో ఏదో అడ్డం వస్తుంది. ఎక్సెప్షన్ అంటాం. చేస్తున్నది ఆపేసి, ఎక్కడిదాకా వచ్చిందో, చేతిలో ఏమేం ఉన్నాయో అన్నీ దాచిపెట్టి కెర్నెల్ దగ్గరికి వెళ్లాలి. అది చక్కబెట్టాక ఆగిన చోటికి తిరిగిరావాలి. చిన్న అడ్డానికి కూడా అంతా సర్దిపెట్టుకునే వెళ్తోంది. అందుకే మెషీన్ నెమ్మదిగా ఉంది. చిన్నవైతే గుమ్మంలోనే చూసి పంపేసేలా రాస్తున్నా."

"ఎన్నిసార్లు లేచినా ఆగిన చోటికే వస్తుందా?"

"రావాలి కదమ్మా! నిన్న వేగం కోసమని నేను దాచాల్సినవి కొన్ని దాచకుండా వదిలేశా. వెనక్కొచ్చింది గానీ, ఏం చేస్తోందో దానికే తెలీలేదు. పిచ్చిపిచ్చిగా నడిచి పడిపోయింది."

నా చేతిలో గుడ్డ అలాగే ఉండిపోయింది. ఎనిమిదో తరగతి పుస్తకం తెరిచి ఉండగా పెళ్లిచూపులకి లేచాను. మిషను మీద సగం కుట్టిన జాకెట్టు వదిలి లేచాను. పుట్టింట్లో అమ్మ మంచం పక్కనుంచి, ఇక్కడ కోతల వంటకి రమ్మంటే లేచాను. తిరిగెళ్లేసరికి అమ్మ లేదు.

హాల్లో పాప ఏడ్చింది. "హారతీ, పాప!" అని పేపరు వెనకనుంచి ఆయన కేక. పిల్ల చేతులు కీబోర్డు మీంచి లేచాయి. దాని మొహంలో ఏదో చెరిగిపోవడం నా కళ్లతో చూశాను.

"ఉయ్యాల మీ మోకాలి పక్కనే ఉందండీ, ఊపండి" అన్నాను. ఆ గొంతు నాదేనా అని నేనే ఉలిక్కిపడ్డాను. కాసేపటికి ఉయ్యాల గొలుసు కిర్రుమంది.

మధ్యాహ్నం అందరి భోజనాలూ అయ్యాక కంచం ముందు కూర్చున్నాను. పప్పు కలిపాను. టంగు టంగు. కాళ్లు వాటంతటవే లేచాయి. గదిలో మంచం ఖాళీగా ఉంది. హారతి తెర మీంచి తల తిప్పింది. "ఏంటమ్మా, ఎంగిలి చేత్తో?"

"ఏం లేదు. నువ్వు చూసుకో."

"ఏమేవ్, చెప్పావా దానికి?" అన్నారు హాల్లోంచి ఆయన.

"చెప్పను. ఆదివారం అల్లుడుగారితో నేనే మాట్లాడతాను. పిల్లని పెంచడానికి నేనూ హైదరాబాద్ వెళ్తాను."

"మరి ఇక్కడ నాకెవరు వండుతారే?"

తిరిగొస్తే ఈయన ఇంట్లోకి రానివ్వకపోతే, అల్లుడు గుమ్మంలోంచే పొమ్మంటే? ఆ భయంతోనే వంటింట్లోకి వచ్చి, లేచిన కంచం ముందే మళ్లీ కూర్చున్నాను. గదిలో గ్లాసు ఇంకా మోగుతూనే ఉంది. కలిపిన పప్పన్నం చల్లారిపోలేదు.