కాసులమ్మ ఉప్పుతొట్టి

పొద్దున్నే హార్బర్‌కి పోయి వేలంలో చేపలు పాడుకోవడం, గంప నెత్తిన పెట్టుకుని మధ్యాహ్నం దాకా వీధుల్లో అరవడం, మిగిలినవి తెచ్చి డీప్ ఫ్రీజర్లో పడేయడం. ఇదీ ఈశ్వరి పని. ఫ్రీజర్లో పట్టని నెత్తళ్ళలాంటి చిన్నచేపల్ని వసారాలో ఉన్న కొయ్యతొట్టిలో ఉప్పేసి, ఇసకలో వల పరిచి ఎండబెడుతుంది.

ఆ తొట్టికి వినబడేలా ఎవరైనా తప్పుమాట చెబితే అందులో ఉప్పు కరిగి నీళ్ళైపోతుంది. చిన్న అబద్ధానికి పిడికెడు, పెద్దదానికి కుంచెడు. ఈశ్వరి అత్త కాసులమ్మ కాపరానికి వచ్చేనాటికే అది అంతే. జాలరిపేటలో దాన్నెవరూ వింతగా చెప్పుకోరు. పెళ్ళిమాటల రోజు మాత్రం తొట్టిని మోసుకెళ్ళి నాలుగిళ్ళ అవతల పెట్టి వస్తారు. అలా పెట్టకపోతే ఆ ఇంటికి ఒక్క సంబంధమైనా కుదురుతుందా?

"నీ పెళ్ళికీ మోసినారే. మావోడు సుక్క ముట్టడని మీవోళ్ళతో సెప్పాలి కదా!" అని కాసులమ్మ ఇప్పటికీ నవ్వుతుంది. నవ్వితే దగ్గొస్తుంది.

ఆ దగ్గుతోనే వచ్చింది బాధంతా. ఊపిరితిత్తులు పాడైపోయాయనీ, ఆక్సిజన్ మిషను రాత్రీ పగలూ నడవాల్సిందేననీ పెద్దాసుపత్రి డాక్టరు చెప్పాడు. మిషను వచ్చింది. వచ్చిన రెండో నెలకే కరెంటు బిల్లు మూడింతలైంది. ఈశ్వరి మొగుడు పోలిరాజు బోటెక్కి వేటకి పోతే పది పన్నెండు రోజులకి గానీ ఒడ్డెక్కడు. బిల్లు కట్టకపోతే లైన్‌మన్ వచ్చి తీగ పీకేస్తాడు. తీగ పీకితే మిషను ఆగుతుంది. ఆ తరవాత ఏమవుతుందో ఈశ్వరికి డాక్టరు చెప్పక్కర్లేదు.

కరెంటు తగ్గించాలి. ఎలా తగ్గించాలో ఎవర్నడగాలి?

ముందు ఒక టై కట్టుకున్నాయన ఇంటికే వచ్చాడు. చేతిలో అగ్గిపెట్టెకి పెద్దన్నలాంటి ప్లాస్టిక్ డబ్బా. "ఇది ప్లగ్గులో పెట్టండమ్మా, బిల్లు సగమైపోతుంది" అన్నాడు. వసారాలో సర్రుమని చప్పుడైంది. తొట్టిలో సగం ఉప్పు నీళ్ళైపోయింది. ఈశ్వరి చీపురు తీసింది. ఆయన టై భుజమ్మీద వేసుకుని పరుగెత్తాడు.

తరవాత తమ్ముడు బాబీ. ఉక్కునగరంలో ఉంటాడు, ప్లాంటులో కాంట్రాక్టు పని. వాడి ఫోన్లో లేని విద్య లేదు.

"అప్పా, ఈ వీడియో సూడు. ఫ్రీజర్ రోజుకి పన్నెండు గంటలు ఆపీసినా లోపల సరుక్కి ఏటీ కాదట."

పిడికెడు ఉప్పు పోయింది.

"పోనీ ఇది సూడు. ఫ్యాను ఒకటిలో పెట్టినా అయిదులో పెట్టినా కరెంటు ఒకటేనట."

ఇంకో పిడికెడు.

"నాను అబద్ధం ఆడతన్నానేటప్పా? ఆడు సెప్పిందే సెప్తన్నాను!" అని బాబీ ఏడుపుమొహం పెట్టాడు. పాపం వాడు నిజంగానే నమ్మాడు. కానీ ఉప్పుకి మనసుతో పనిలేదు, మాటతోనే పని.

రేకుల మీద సోలార్ పలకలు ఉచితంగా వేసేస్తామన్నవాడు వచ్చాడు, ఉప్పు పోయింది. మద్దిలపాలెంలో ఒక కొట్టువాడు ఈ ఫ్రీజర్ అమ్మేసి కొత్తది కొంటే బిల్లు సున్నా అన్నాడు. ఆ ముక్క ఈశ్వరి ఇంటికొచ్చి అత్తకి చెబుతుంటే, పైకి చెప్పిన నేరానికి మిగతా ఉప్పూ పోయింది. ఆ రోజు వేసిన నెత్తళ్ళు నీళ్ళల్లో తేలి కుళ్ళిపోయాయి. పేటంతా కంపు.

ఈశ్వరి గుమ్మంలో కూలబడింది. "ఏది తప్పో తెలస్తంది అత్తా. ఏది ఒప్పో సెప్పీవోళ్ళు ఒక్కరూ లేరు. నానేటి సేసీది?"

కాసులమ్మ ముక్కు గొట్టాలు సర్దుకుంది. ఆవిడకి మాత్రం ఏం తెలుసు?

ఈశ్వరి దగ్గర కానాగంత చేపలు కొనే జ్యోతిర్మయి మేడమ్ పాలిటెక్నిక్‌లో కరెంటు పాఠాలు చెబుతుంది. చివరికి ఆవిణ్ణి బతిమాలితే ఆదివారం వచ్చింది. వసారాలో, కొత్తగా ఉప్పు పోసిన తొట్టికి సరిగ్గా పక్కనే నిలబడింది.

"ఏది ఎక్కువ తింటంది మేడమ్? ఫ్రీజరా, మిషనా?"

"నాకు తెలీదు ఈశ్వరీ. కొలిస్తే గానీ చెప్పలేను."

ఈశ్వరి తొట్టి వైపు చూసింది. ఒక్క రవ్వ కదల్లేదు. నెల్లాళ్ళుగా ఇంతమంది ఇన్ని మాటలు చెప్పారు, ఉప్పు నిలిచింది మాత్రం తెలీదన్న మాటకి. ఈశ్వరికి కళ్ళనీళ్ళు తిరిగాయి.

జ్యోతిర్మయి ప్లగ్గుకీ గోడకీ మధ్య చిన్న మీటరు పెట్టింది. ఫ్రీజర్‌కి ఒక రోజు, మిషనుకి ఒక రోజు. మూడోరోజు వచ్చి అంకెలు కాగితమ్మీద రాసుకుంది.

"ఫ్రీజర్ తలుపు రబ్బరు అరిగిపోయింది, మార్చు. పేరుకున్న ఐసు గీకెయ్యి. కొంత తగ్గుతుంది." మీటరు పీకి సంచిలో వేసుకుంది. "కానీ ఎక్కువ తినేది మిషనే. దాదాపు రెండింతలు. దాన్ని తగ్గించే దారి నాకు తెలీదమ్మా."

ఉప్పు కరగలేదు. దిక్కుమాలిన ఉప్పు, అప్పుడైనా కరిగితే బాగుండేది! లోపల మంచమ్మీద కాసులమ్మ అన్నీ వింటూనే ఉంది.

ఈశ్వరి రబ్బరు మార్పించింది. గరిటెతో ఐసు గీకింది. మరుసటి నెల బిల్లు సగానికి దిగిపోయింది. సంతోషం పట్టలేక మేడమ్‌కి రెండు చందువా చేపలు పట్టుకెళ్ళి ఇచ్చింది. ఆవిడ బిల్లు చూసి మొహం చిట్లించింది.

"రబ్బరుకి ఇంత తగ్గదే. ఇంట్లో ఇంకేం ఆపుతున్నారు?"

ఈశ్వరి గంప అక్కడే వదిలేసి ఇంటికి పరుగెత్తింది. కాసులమ్మ మంచమ్మీద కూర్చుని ఉంది. మిషను గుర్రుమంటోంది. ఆవిడ పెదాలు మాత్రం నేరేడుపండు తిన్నట్టు నల్లగా ఉన్నాయి.

"అత్తా, నాను లేనప్పుడు మిషను నడుస్తందా?"

"నడవకేటి? ఎప్పుడూ ఏసుకునే ఉంటన్నాను. నాకు బాగానే ఉందే."

నిన్ననే తెచ్చిన బస్తాడు ఉప్పు. వసారాలో భళ్ళున నీళ్ళై తొట్టి అంచులు దాటి, గడప దాటి, మంచం కింద దాకా వచ్చింది. కాసులమ్మ కాళ్ళు తడిసేసరికి తల దించుకుంది. ఈశ్వరి గుమ్మం దాటగానే స్విచ్చి కట్టేయడం, వాకిట్లో అడుగుల చప్పుడు వినబడగానే వేసేయడం. నెలంతా ఇదే పని.

"సంపీసుకుందావనుకున్నావా!" అని ఈశ్వరి ఒక్క అరుపు అరిచి, అత్త మోకాళ్ళు పట్టుకుని ఏడ్చింది.

"మిషనే తినీస్తందని ఆ మేడమ్మ సెప్పింది కదే. ఉప్పు కరగలేదు కదే" అంది కాసులమ్మ.

ఈశ్వరి కళ్ళు తుడుచుకుంది. లేచి వెళ్ళి ఫ్రీజర్ ప్లగ్గు పీకేసింది. పోలిరాజు ఒడ్డుకొచ్చి నానా రభసా చేస్తాడు. చెయ్యనీ. కొత్త ఉప్పు తెచ్చి, ఐసులో చేపలన్నీ బయటికి తీసింది. కాసులమ్మ మంచమ్మీంచే ఆయాసపడుతూ చెప్పింది. "మూడు పాళ్ళ సేపకి ఒక పాలు ఉప్పు. పేగులు తీసీ. రెండ్రోజులు ఉప్పులో ఉంచి, మూడ్రోజులు ఎండలో పెట్టు." ఉప్పు అలాగే ఉంది. ఎండుచేపకి పచ్చిచేప ధర రాదు. రాకపోయినా ఎండకి బిల్లు కట్టక్కర్లేదు.

సాయంత్రం పొయ్యి దగ్గర ఉన్న కోడల్ని కాసులమ్మ పిలిచింది.

"ఒలే ఈశ్వరీ, నాకిది తగ్గిపోద్దంటావా?"

ఇక తగ్గేది కాదని డాక్టరు ఈశ్వరిని పక్కకి పిలిచి ఎప్పుడో చెప్పాడు. ఈశ్వరి నోరు తెరిచింది. వసారా వైపు చూసింది. నోరు మూసుకుని బయటికెళ్ళి, చేపలతో సహా అంత బరువు తొట్టినీ ఒక్కతే ఈడ్చుకుంటూ వీధిలోకి పోయింది. నాలుగిళ్ళు దాటించి, అక్కడ వదిలి, చేతులు పమిటకి తుడుచుకుంటూ వచ్చి అత్త పక్కన కూర్చుంది.

"తగ్గిపోద్దత్తా" అంది.

కొయ్య నేలమీద రాసుకున్న చప్పుడు కాసులమ్మకి మొత్తం వినబడింది. నవ్వింది. దగ్గొచ్చింది.

"అలగైతే సరే" అని కోడలి చెయ్యి పట్టుకుంది.