వెచ్చగాలి రాని కారు

మా ఉద్దానంలో కారు కొనేవాళ్లు ముందుగా అడిగేది ఏసీ సంగతే. హీటర్ పనిచేస్తుందా అని అడిగిన మనిషిని నేనొక్కదాన్నే అయి ఉంటాను.

కిడ్నీలు పాడైనప్పటి నుంచీ రోజు విడిచి రోజు పలాస వెళ్లి డయాలసిస్ మంచం మీద పడుకుంటున్నాను. మిషన్లో తిరిగిన రక్తం ఒంట్లోకి వచ్చేసరికి చలి పట్టుకుంటుంది. అందులోనూ డిసెంబరు. కారెక్కాక సీటుబెల్టు ఒకటి, మీద రెండు దుప్పట్లు, మూట కట్టి పడేసినట్టు ఇంటిదాకా వణుకుతూ కూర్చోవాలి. మిషన్ కన్నా ఆ ప్రయాణమంటేనే నాకు ఎక్కువ భయం.

ఆ సాయంత్రం పలాస నుంచి వస్తూ సుమ్మాదేవి ఊరు దాటగానే మా ఆయన జెకర్యా హీటర్ని ఎర్రగీత చివరిదాకా తిప్పాడు. ఎప్పట్లాగే చల్లగాలే కొట్టింది.

"ఆపీ మావా, పేణం పోతాది," అన్నాను. "ఇంక నాను రాను. ఎల్లుండి నువ్వు లేపినా లెగను. ఇంటికాడే సత్తాను."

ఆయన జీడితోట పక్కన కారు ఆపి బానెట్ ఎత్తాడు. డబ్బాలో వేడిని మోసే కూలెంటు నిండుగానే ఉంది. ఇంజన్ కాగుతూనే ఉంది, సెగ మాత్రం లోపలికి రావడం లేదు. సెల్ లైటు వేసుకుని గొట్టాలు వెతికి వెతికి, ఒకచోట ఆగిపోయాడు. మెకానిక్ కొండబాబుకి ఫోన్ కొట్టాడు.

"హీటర్లోకి ఎల్లాల్సిన గొట్టాలు రెండూ ఒకదానికొకటి కలిపీసున్నాయేటి?"

"మన ఏపు కార్లన్నిటికీ అలగే కలిపీసినాను బావా. ఏసీకి వేడి తగుల్తందని అందరూ గోల ఎట్టీవోరు. ఇక్కడ హీటరు ఎవుడికి కావాల?"

"మా హన్నాకి కావాల," అన్నాడు ఆయన.

మర్నాడు కొండబాబు వచ్చి గొట్టాలు విడదీసి హీటర్‌కి తగిలించాడు. కూలెంటు పోసి, లోపలి గాలిబుడగలు పోయేదాకా ఇంజన్ ఆడించాడు. నేను మంచం దిగి చూడలేదు. రానన్నానంటే రానంతే.

డయాలసిస్ రోజు పొద్దున్న జెకర్యా నన్ను లేపలేదు. వాకిట్లో ఇంజన్ మాత్రం ఎంతకీ ఆగడం లేదు. తిట్టడానికే బయటికొచ్చాను. అద్దాలన్నీ బిగించి, హీటర్ పెట్టుకుని కూర్చున్నాడు. చొక్కా తడిసి ఒంటికి అంటుకుపోయింది.

"ఏటి మావా ఈ ఉడుకు?" తలుపు తీసి అడిగాను.

"నీకు సరిపోద్దో సాలదో సూత్తన్నాను."

పెదాలు ఎండిపోయి ఉన్నాయి. పక్కసీట్లో నీళ్ల సీసా మూత తియ్యకుండానే ఉంది. నన్ను చూడగానే దాన్ని సీటు కిందికి తోశాడు. డాక్టరు నాకు నీళ్లు కొలిచి తాగమన్న రోజు నుంచీ ఆయన నా ఎదుట గుక్క మింగి ఎరగడు.

కోపమొచ్చింది. ఏడుపూ వచ్చింది. ఈ మనిషి నన్ను హాయిగా చావనివ్వడు. కారెక్కి తలుపు వేసుకున్నాను. వెచ్చగాలి పాదాలకి తగిలింది.

"నీళ్లు తాగీ మావా," అన్నాను. "నాను అటు తిరుగుతాను."