ముందు ఎడమ చక్రం

ఫోను మోగేసరికి దాలయ్య ఒక టాక్సీ ట్యూబును నీళ్ళ తొట్టిలో ముంచి, బుడగలు ఎక్కడ లేస్తాయా అని చూస్తున్నాడు. తడిచేతిని ప్యాంటుకు తుడుచుకుని, ఫోనును భుజానికీ చెవికీ మధ్య ఇరికించుకున్నాడు. అవతల భార్య రాజకుమారి గొంతు తగ్గించి మాట్లాడుతోంది. చెల్లెలి మొగుడు లోకనాథం కొత్త కారు పొద్దున్న గుడి దగ్గర దెబ్బతింది. మనుషులకేమీ కాలేదు. పూజారి నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు పెట్టి, హారతి తిప్పి, ఇక పోనివ్వమన్నాడు. తనవైపు నిమ్మకాయ సరిగ్గా నలిగిందో లేదో చూద్దామని లోకనాథం కిటికీలోంచి తల బయటపెట్టాడు. అంతలో కారు రెండోవైపుకు జరిగి, ఫుట్‌పాత్ అంచురాయిని ఒరుసుకుంటూ పోయింది. ముందు ఎడమ చక్రం గీరుకుపోయింది.

దాలయ్య "అయ్యో" అన్నాడు. ఆ మాట పూర్తయ్యేలోపే, ఎండలో లేత కొబ్బరినీళ్ళు తాగినట్టు, ఛాతీలోకి చల్లగా ఒక సంతోషం దిగింది. తొట్టిలో బుడగలు ఒకదాని వెనక ఒకటి ముత్యాల్లా లేచాయి.

"ఏ ఫుట్‌పాతు?" అని అడిగాడు.

"ఇంకేటుంది, పోయినేడు మరిది కాంట్రాక్టు చేసి వేయించిందే."

నవ్వు బయటకు రాకుండా దాలయ్య బుగ్గలు బిగబట్టాడు. అసలు కబురు ఇంకా వెనక ఉంది. అత్తగారు సింహాచలమ్మ ఆ చక్రాన్ని చూసి, దెబ్బతిన్న బండి తాను ఎక్కనని గుళ్ళోనే కూర్చుండిపోయిందట. ఆటోలో ఇంటికి తీసుకురావలసి వచ్చిందట. సాయంత్రం ఆవిడ లంబాలైన్‌లో లోకనాథం ఇంటికి మారవలసిన రోజు. రేపటినుంచి మూఢం. ఇవాళ దాటితే రెండు నెలలదాకా మంచిరోజు లేదు.

ఫోను పెట్టేసి, చిల్లు ఉన్నచోట సుద్దతో గుండ్రంగా గుర్తు పెట్టాడు. చాలా రోజుల తర్వాత ఈల వేశాడు.

గోల్ ఘర్ నుంచి జంగ్లీఘాట్‌కు దిగే వాలులో ఉంది ఆ షాపు. ముందు రెండు ఇనుప రేకులు, వెనక ఒక నుయ్యి. పదహారో ఏట లారీ టైర్లు విప్పడానికి అక్కడ చేరాడు. ఇప్పుడు యాభై మూడు. అల్లాయ్ చక్రాల పని ఎవరూ నేర్పలేదు. ఊళ్ళోకి అలాంటి కార్లు వచ్చిన కొత్తలో, పగిలిందని ఎవరో పారేసి వెళ్ళిన చక్రాన్ని తెచ్చుకుని, నెల రోజులు గీకి, పూసి, మళ్ళీ గీకి తనంతట తానే పట్టుకున్నాడు. కొత్త చక్రం కావాలంటే చెన్నై నుంచి ఈ దీవికి ఓడలో రావాలి. అందుకని ఫుట్‌పాతుకు తగిలిన ప్రతి చక్రమూ ముందు దాలయ్య ఒళ్ళోకే వచ్చేది. ఊళ్ళో సగం కార్ల మీద అతని చెయ్యి ఉంది. అతని ఇంటి ముందు మాత్రం పాత స్కూటరు ఉంది.

నాలుగో ఏట తల్లి పోయింది. ఆవిడ మొహం గుర్తులేదు. పెళ్ళయిన కొత్తలో, అన్నం దగ్గర సింహాచలమ్మ "ఇంకాస్త కలుపుకో అబ్బాయా" అంటే, వద్దనకుండా మూడుసార్లు కలుపుకున్నాడు. మామగారు నూకయ్య పోయాక ఆవిడ దాలయ్య ఇంటికే వచ్చేసింది. పదకొండేళ్ళు. కూతురు పెళ్ళయి దిగ్లీపూర్ వెళ్ళిపోయాక ఆ రెండు గదుల్లో మిగిలిన సందడి అత్తగారే. శాదీపూర్ కొండవాలులో ఇల్లు. రోడ్డు నుంచి అరవై నాలుగు మెట్లు. ఆవిడ కుడి మోకాలు ఇప్పుడు పది మెట్లకే మొరాయిస్తోంది. రోజూ ఆసుపత్రికి తీసుకెళ్ళి వ్యాయామం చేయించాలని డాక్టరు చెప్పాడు. లోకనాథానిది నేలమీద ఇల్లు. గుమ్మం ముందు కారు. ఇందులో తప్పుపట్టడానికి ఏమీ లేదు. దాలయ్యకు కడుపుమంట అక్కడే.

ఆ మంట కొత్తది కాదు. తోడల్లుడిగా లోకనాథం అత్తారింటికి వచ్చిన రోజే పుట్టింది. అతనికి సింహాచలమ్మ పీట బదులు కుర్చీ వేసింది. 'అల్లుడుగారూ' అని పిలిచింది. ఆ 'గారు' కోసం దాలయ్య ఇరవై రెండేళ్ళుగా చెవి ఒగ్గి ఉన్నాడు. తనకు దొరకలేదు. ఫ్రిజ్ ముందు వాళ్ళింటికి వచ్చింది, పాలరాతి నేల వాళ్ళింటికి వచ్చింది, చివరికి తెల్లకారు ఓడ దిగి వాళ్ళింటికే వచ్చింది. ఇప్పుడు అత్తగారు కూడా.

పదింటికి లోకనాథం ఆటోలో దిగాడు. కారున్నవాడు ఆటోలో రావడం దాలయ్య తీరిగ్గా చూసి సంతోషించాడు. నుదుట కుంకుమ చెమటకు కారిపోయి, పసిపిల్లను ఎత్తుకున్నట్టు చక్రాన్ని రెండు చేతులతో పొట్టకు ఆనించుకుని వచ్చాడు. తెల్ల చొక్కా మీద నల్లటి వలయం పడింది.

"భయ్యా, శామ్ పాంచ్ బజే తక్ కావాలి," అన్నాడు. "స్పేర్ చక్రం వేసుకొస్తానంటే అత్త ఒప్పుకోలేదు. మూడు తెల్లవి, ఒక నల్లది, ఇదేం బండి అంది."

ఈ తడిగాలికి పెయింటు సాయంత్రం అయిదింటికి ఆరదు. అది అబద్ధం కూడా కాదు. ఏ బేరగాడికైనా దాలయ్య రేపు రమ్మనే చెబుతాడు. ఆ మాట నాలుక చివరికి వచ్చింది. అంతలో లోకనాథం వాచీ చూసుకుంటూ, నీకు కుదరకపోతే చెప్పు, డెయిరీ ఫామ్ దగ్గర కొత్తగా ఒకడు మెషీన్ పెట్టాడట, అక్కడికి తీసుకుపోతానన్నాడు.

"ఆడికేటి తెలుసు," అన్నాడు దాలయ్య. "ఇక్కడెట్టు."

అన్నాక గాని, ఒప్పుకున్నానని తెలియలేదు. లోకనాథం ఆటో ఎక్కబోతూ ఆగాడు. దాలయ్య ఊరుకోలేకపోయాడు.

"రాళ్ళు బాగా గట్టిగా వేయించావురా."

"సిమెంటు తక్కువెయ్యనన్నా, ఏం చెయ్యను," అని లోకనాథం నవ్వాడు. నిజంగానే నవ్వాడు. అది దాలయ్యకు నచ్చలేదు.

చక్రం చాలా అందంగా ఉంది. టైరుకు కొత్తలో ఉండే సన్నని రబ్బరు వెంట్రుకలు ఇంకా ఊడలేదు. అయిదు కమ్మీలు మధ్యనుంచి విచ్చుకుని, నీళ్ళలో వంగిన ఆకుల్లా అంచుకు చేరుతున్నాయి. ఆ అంచున జానెడు పొడవునా ఎలుక కొరికినట్టు గాయం. దాలయ్య వేలితో తడిమాడు. కాకరకాయ తొక్కలా తగిలింది. ముందు గాలి తీశాడు. ఆకురాయితో లేచిన పళ్ళను అణిచాడు. తర్వాత గరుకు కాగితం. పెయింటు టైరు మీద పడకుండా అతను వాడేది పాత పేకముక్కలు. ఒక్కొక్కటే టైరుకూ అంచుకూ మధ్య దూర్చుకుంటూ పోయాడు. రాజులు, జాకీలు, ఇస్పేటు రాణి, రెండు జోకర్లు. అన్నీ దూర్చాక చక్రం కిరీటం పెట్టుకున్నట్టయింది. ఎన్నిసార్లు చూసినా అది అతనికి ముచ్చటే. ఇవాళ మాత్రం కిరీటం ఎవరికి పెట్టాడో గుర్తొచ్చింది.

షాపులో రెండు డ్రమ్ములుంటాయి. నీలం డ్రమ్ములో పంపునీళ్ళు, మూడు రోజులకోసారి వస్తాయి. నల్ల డ్రమ్ములో నూతినీళ్ళు. సముద్రం పక్కనే గనక ఆ నీళ్ళు ఉప్పు. ట్యూబులు ముంచడానికి, నేల కడగడానికి తప్ప పనికిరావు. గీకిన లోహాన్ని వాటితో కడిగితే సన్నని రంధ్రాల్లో ఉప్పు కూర్చుంటుంది. పైన ఎంత మంచి పెయింటు వేసినా, రెండు నెలలు తిరక్కుండా లోపలినుంచి పొక్కులు లేస్తాయి. కొత్తలో పట్టుకోవడం ఎవరి తరమూ కాదు. చక్రం తిరగడానికి ఏ ఇబ్బందీ రాదు. ప్రమాదమేమీ లేదు. ఊరికే, మశూచి పోసిన మొహంలా ఉంటుంది.

దాలయ్య మగ్గు తీసుకున్నాడు. నీలం డ్రమ్ము దగ్గర నిలబడినవాడే, పక్కనున్న నల్ల డ్రమ్ము వైపు ఒక అడుగు వేశాడు.

నల్ల డ్రమ్ము నీళ్ళతో చక్రాన్ని కడిగాడు. ఒకసారి చాలదన్నట్టు మూడుసార్లు కడిగాడు. గుడ్డతో తుడిచి, మెటల్ పుట్టీ కలిపి గాయం నింపాడు. అది గట్టిపడ్డాక మళ్ళీ నూతినీళ్ళలోనే సన్న కాగితం తడిపి నున్నగా రుద్దాడు. ఇంత బాగా ఎప్పుడూ కుదరలేదు. వేలికి అతుకు తగల్లేదు. బూడిదరంగు ప్రైమర్ కొట్టి, హాలోజన్ దీపం కింద పెట్టాడు. లంబాలైన్‌లో గుమ్మం ముందు కారు, ఒక్క చక్రానికి మాత్రం పొక్కులు. దారినపోయేవాళ్ళు ఆగి చూడడం. లోకనాథం తడి గుడ్డతో తుడిచి తుడిచి విసిగిపోవడం. ఆ బొమ్మను దాలయ్య చప్పరిస్తూ కూర్చున్నాడు.

ఒంటిగంటకు అన్నం డబ్బా మూత తీయబోతుంటే ఫోను మోగింది. రాజకుమారి నంబరే, గొంతు సింహాచలమ్మది. ఫోనులో మాట్లాడితే అవతలి మనిషి కొండ అవతల ఉన్నట్టు ఆవిడ అరుస్తుంది.

"అబ్బాయా, చక్రం నీకాడికే వచ్చిందంట గదా. నీ చేత్తో నువ్వే చేస్తన్నావా, ఇంకెవులికైనా ఇచ్చినావా?"

"నానే, అత్తా."

"అయితే ఎక్కుతాను. ఇంకెవులు చేసినా ఎక్కనని అల్లుడుగారికి ముందే చెప్పీసినాను." ఒక్క క్షణం ఊపిరి తీసుకుంది. "డబ్బాలో అడుగున చేప ముక్క ఎట్టినాను. చూసుకో."

ఫోను పెట్టేశాక దాలయ్య డబ్బా తెరిచాడు. అన్నం కింద, ఎవరికీ కనబడకుండా దాచినట్టు, ఒక పెద్ద ముక్క. దాన్ని చూస్తూ కూర్చున్నాడు. తినలేదు. లోకనాథం పొద్దున్నే ఆ చక్రాన్ని మెషీన్ దగ్గరికి ఎందుకు తీసుకుపోలేదో ఇప్పుడు తెలిసింది. ఉత్త బెదిరింపు. తీసుకుపోయినా ఆవిడ ఎక్కదు. ఇరవై రెండేళ్ళలో ఒకే ఒక్కసారి లోకనాథానికి లేనిది తనకుంది, ఆవిడ నమ్మే చెయ్యి. దాన్ని ఇలా వాడుకుని ఆవిడ వెళ్ళిపోతోంది.

డబ్బా మూత పెట్టేసి, చక్రాన్ని దీపం కిందనుంచి లాగి, గరుకు కాగితంతో ప్రైమర్ గీకడం మొదలుపెట్టాడు. గల్లా దగ్గరినుంచి యజమాని తిరుమలరావు కళ్ళజోడు పైనుంచి చూశాడు.

"పాగల్ హో గయా క్యా? అంత బాగా కుదిరింది గదా."

"కుదరలేదు సాబ్."

పుట్టీ కూడా తవ్వేశాడు. కింద లోహం పచ్చిగా బయటపడింది. నీలం డ్రమ్ములో అడుగున అరబకెట్టు నీళ్ళే మిగిలాయి; పంపు వచ్చేది రేపు. డ్రమ్మును వంచి ఆ నీళ్ళన్నీ పోసి కడిగాడు. ఇంకా నమ్మకం కలగలేదు. తన తాగే నీళ్ళ సీసా తెచ్చి అంచు చుట్టూ ధారగా పోశాడు. నాలుక చివర ఆనించి చూశాడు. ఉప్పు లేదు. లోహం రుచి మాత్రమే ఉంది.

ఇక గడియారంతో పోటీ. పొద్దున్న ఆరదని చెప్పబోయిన పెయింటును ఇప్పుడు రెండు దీపాలు, ఒక టేబుల్ ఫ్యాను పెట్టి ఆరబెడుతున్నాడు. పుట్టీ, ప్రైమర్, వెండిరంగు, పైన మెరుపు పూత. పూతకూ పూతకూ మధ్య చెయ్యి వెనకవైపు ఆనించి వేడి చూసుకున్నాడు. నాలుగున్నరకు పేకముక్కలు ఒక్కొక్కటే లాగేశాడు. గాయం ఎక్కడుండేదో తానే వెతుక్కోవలసి వచ్చింది.

లోకనాథం స్పేర్ చక్రంతో కారు తెచ్చాడు. దాలయ్య వంగి తన చక్రం బిగిస్తుంటే అతను పక్కన గొంతుక్కూర్చున్నాడు. తర్వాత, నేలమీద ఒక నట్టును దొర్లిస్తూ, "భయ్యా, మా ఇంటికొస్తే అత్త మంచినీళ్ళడగడానికి కూడా మొహమాటపడుద్ది," అన్నాడు. "నన్ను ఎప్పుడు అబ్బాయా అంటదో ఏమో."

దాలయ్య నట్టు బిగించాడు. అవసరమైనదానికంటే అర తిప్పు ఎక్కువ బిగించాడు. ఆ మాటను స్కూటరు మీద ఇంటిదాకా మళ్ళీ మళ్ళీ నాకుతూ వెళ్ళాడు, బెల్లం ముక్కలా.

అరవై నాలుగు మెట్లు దిగడానికి సింహాచలమ్మకు అరగంట పట్టింది. ఒక చెయ్యి రాజకుమారి భుజం మీద, ఒక చెయ్యి దాలయ్య ముంజేతి మీద. ప్రతి మలుపులోనూ ఆగి, ఇన్నేళ్ళుగా చూస్తున్నవే అయినా ఎవరి పెరట్లో ఏం కాసిందో చూసింది. కింద లోకనాథం తలుపు తెరిచి నిలబడ్డాడు. రాజకుమారి చెల్లెలు సరోజిని వెనక సీట్లో సర్దుకుని చోటిచ్చింది. సింహాచలమ్మ ముందు చక్రం దగ్గరికి వెళ్ళి, వంగలేక, చీరకొంగుతో దాన్ని ఒకసారి తాకి ఆ కొంగు కళ్ళకద్దుకుంది. ఆవిడ సీట్లో కూర్చుని, మోకాలిని రెండు చేతులతో ఎత్తి లోపల పెట్టుకుంది.

"లోపల చల్లగుందే," అంది ఎవరితోనో.

కారు కదిలింది. దాలయ్య ఆవిడ మొహం చూడలేదు. ముందు ఎడమ చక్రాన్నే చూశాడు. సాయంత్రపు ఎండ దాని అయిదు కమ్మీల మీదా పడి, ఒకే వెండి పళ్ళెంలా తిరుగుతూ, మలుపు దగ్గర మాయమైంది. మిగతా మూడింటి కంటే అదే ఎక్కువ మెరిసింది.

వెనక్కి తిరిగినప్పుడు రాజకుమారి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఏడుస్తోందనుకున్నాడు. ఆమె నవ్వుతోంది, కళ్ళలో నీళ్ళున్నాయి. రోడ్డు పక్కకు చూపించింది. కొత్త బండి గదా, గుళ్ళోకి వెళ్ళినట్టు, ఆవిడ చెప్పులు బయట విడిచి ఎక్కింది.

ఇంకా సిగ్నల్ లైటు దాటి ఉండరు, ఫోను చేస్తే మరిది వెనక్కి తిప్పుకొస్తాడని రాజకుమారి ఫోను తీసింది. దాలయ్య ఆమె చేతిమీద చెయ్యి వేశాడు.

"వొద్దు. రేపు పొద్దున్న షాపుకెళ్ళే ముందు లంబాలైన్ పోతాను. నానే ఇచ్చొస్తాను."

"రేపటినుంచి మూఢం గదండీ."

"చెప్పులివ్వడానికి మూఢమేటి? వచ్చినోణ్ణి టిఫిన్ పెట్టకుండా పంపదు గదా."

రాజకుమారి ఫోను లోపల పెట్టుకుంది. నీలం పట్టీల రబ్బరు చెప్పులు అంచురాయి పక్కన జతగా ఉన్నాయి, కొసలు కారు ఆగిన చోటికేసి తిరిగి; కుడి మోకాలిని కాపాడుకుంటూ ఆ మెట్లు ఎక్కి దిగిన బరువంతా మోసి, ఎడమది మడమ దగ్గర కాగితమంత పలచగా అరిగిపోయింది.